వంటింటి భాష వేదిక ఎక్కింది

రాక్ సంగీతం అనగానే మనలో చాలామంది చేసే మొదటి పని రేడియో గొంతు తగ్గించడమో, పిల్లల గది తలుపు దగ్గరగా వేయడమో. ఆ చప్పుడులో మాటేమిటో పాటేమిటో తెలియదనీ, జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళు గంతులు వేయడం తప్ప అందులో సరుకు లేదనీ మనకొక అభిప్రాయం స్థిరపడిపోయింది. అది పూర్తిగా తప్పని నేను అనను. కాని అదే చప్పుడు ఒకచోట ఒక చిన్న భాషకు ఊపిరి పోసింది. అమ్మమ్మలు, నాయనమ్మలు మాత్రమే మాట్లాడుకునే భాష, బయట మాట్లాడితే నామోషీ అనుకున్న భాష, వేలమంది గొంతెత్తి పాడే భాష అయింది. ఆ పని చేసిన వాళ్ళు ఒక ఏడాదో రెండేళ్ళో మెరిసి మాయమైన వాళ్ళు కారు. 1973 నుంచి 2018 దాకా, నలభై అయిదేళ్ళు పాడారు. స్కాట్లండుకు చెందిన ఆ బృందం పేరు రన్‌రిగ్.

మన ఇళ్ళల్లో పిల్లలు ఏ భాషలో మాట్లాడాలి, ఏ భాషలో చదవాలి అన్న తర్జనభర్జన రోజూ ఉన్నదే. అందుచేత వీళ్ళ కథ తెలుసుకోవడం మనకు కాలక్షేపం ఒక్కటే కాదు.

అసలు రాక్ బృందం అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. కరెంటుతో మోగే గిటారు ఒకటి, దానికి అడుగున నడిచే బేస్ గిటారు ఒకటి, డ్రమ్ములు, కీబోర్డు, ముందు నిలబడి పాడే గాయకుడు. స్థూలంగా ఇంతే. మన కచేరీలో వయొలిన్, మృదంగం, తంబురా ఉన్నట్టే అన్నమాట. తేడా ఎక్కడంటే, మన విద్వాంసులు ఎక్కువగా పాడేది పూర్వపు వాగ్గేయకారులు కట్టి ఇచ్చిన కృతులు. రాక్ బృందం వాళ్ళు చాలావరకు తమ పాట తామే రాసుకుంటారు, తామే వరుస కట్టుకుంటారు. ఈ పద్ధతి 1950 దశకంలో అమెరికాలో పుట్టి ఇంగ్లీషులో పెరిగింది. దానితో ఏ దేశపు కుర్రాడైనా గిటారు చేతపట్టాడంటే ముందుగా ఇంగ్లీషు పాటే ఎత్తుకోవడం ఆనవాయితీ అయిపోయింది. రన్‌రిగ్ వాళ్ళు ఆ ఆనవాయితీని పక్కకు పెట్టారు.

ఎందుకు పెట్టారో తెలియాలంటే వాళ్ళ ఊరు, వాళ్ళ భాష గురించి కొంచెం తెలియాలి.

బ్రిటన్ పటంలో ఉత్తరాన ఉన్న భాగం స్కాట్లండు. దానికి పడమటి తీరంలో గుప్పెడు గింజలు చల్లినట్టు దీవులు ఉంటాయి. వాటిలో పెద్దవాటిలో ఒకటి స్కై. కొండలు, గాలి, వాన, గొర్రెలు. జనం మాత్రం పదివేల చిల్లర. ఈ దీవులలోను, ఎదురుగా ఉన్న కొండసీమలోను తరతరాలుగా మాట్లాడుతూ వచ్చిన భాష గేలిక్. మాట్లాడేవారు దానిని 'గాలిక్' అని పలుకుతారు. అది ఇంగ్లీషు యాసల్లో ఒకటి కాదు సుమా! ఇంగ్లీషువాడికి గేలిక్ ఒక్క ముక్క అర్థం కాదు. ఐర్లండు భాషకు అది తోబుట్టువు.

ఆ ప్రజల మీదికి రెండు కష్టాలు వచ్చాయి. ఒకటి భూమి పోవడం. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి పందొమ్మిదో శతాబ్దం మధ్యదాకా అక్కడి జమీందారులు, కౌలు రైతులకంటే గొర్రెలే లాభమని లెక్కవేసుకుని, ఊళ్ళకు ఊళ్ళనే ఖాళీ చేయించారు. వేలకొద్దీ కుటుంబాలు ఓడలెక్కి కెనడాకు, ఇతర దేశాలకు పోయాయి. మరికొందరు గ్లాస్గో వంటి నగరాలకు చేరి ఫ్యాక్టరీలలో కూలికి కుదిరారు. ఉన్నచోటనే నిలబడి ఎదురు తిరిగినవారూ లేకపోలేదు. 1882లో స్కై దీవిలోని బ్రేస్ అనే చోట, రైతులను పట్టుకుపోవడానికి గ్లాస్గో నుంచి వచ్చిన సుమారు యాభైమంది పోలీసులను జనం అడ్డగించారు. ఆ రోజు రాళ్ళు రువ్విన వాళ్ళలో ఆడవాళ్ళే ముందున్నారని చరిత్ర చెబుతోంది. నాలుగేళ్ళ తరువాత, 1886లో, చిన్న కౌలుదారులను ఇష్టం వచ్చినట్టు వెళ్ళగొట్టకుండా చట్టం వచ్చింది.

రెండో కష్టం బడి. 1872లో స్కాట్లండులో పిల్లలందరూ బడికి పోవాలని చట్టం చేశారు. మంచి పనే. కాని ఆ చట్టంలో గేలిక్ ఊసే లేదు. ఇంట్లో గేలిక్ తప్ప మరొకటి ఎరుగని పిల్ల బడి గడప దాటగానే ఇంగ్లీషు తప్ప మరొకటి వినరాదు. గేలిక్ మాట జారితే కొట్టిన బడులున్నాయి, మెడలో కర్ర వేలాడదీసిన బడులున్నాయి. ఇటువంటి శిక్షల సంగతి వింటే మనకూ ఏదో తెలిసిన కథలాగే అనిపిస్తుంది గదా!

ఇహ ఆ పిల్లలే పెద్దవాళ్ళై తల్లులయ్యారు. వాళ్ళేం చేశారు? తమకు పడిన దెబ్బలు తమ బిడ్డలకు పడకూడదనుకున్నారు. ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వస్తుంది, నగరంలో నలుగురిలో తల ఎత్తుకు తిరుగుతారు అనుకున్నారు. భర్తతో గేలిక్‌లో మాట్లాడుతూ, బిడ్డవైపు తిరిగి ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టారు. భాష మీద ద్వేషంతో చేసిన పని కాదిది, బిడ్డ మీద ప్రేమతో చేసిన పని. అయినా ఫలితం ఏమైందో చూడండి. 1891 జనాభా లెక్కల్లో గేలిక్ మాట్లాడేవారు రెండున్నర లక్షల పైచిలుకు. 1981 నాటికి వాళ్ళు దాదాపు ఎనభైవేలు. చట్టం కొంత చేసింది, వలస కొంత చేసింది, మిగిలినది ఇంట్లో జరిగింది.

ఇంత జరిగినా భాష పూర్తిగా పోకుండా నిలిచిందంటే అందులో పాటకు, ముఖ్యంగా ఆడవాళ్ళ పాటకు పెద్ద వాటా ఉంది. ఆ దీవుల్లో ఉన్నిబట్ట నేసిన తరువాత దానిని తడిపి, పొడవాటి బల్ల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, చేతులతో బల్లకేసి బాదుతూ చిక్కబరిచేవారు. గంటల తరబడి చేయవలసిన చాకిరీ. చేతులు ఒక లయలో పడటానికి ఒకావిడ పాట ఎత్తుకునేది, మిగతావారు వంత పాడేవారు. మన దంపుళ్ళ పాటలు గుర్తుకు రావడం లేదూ? రోకలి పోటుకు పాట తోడైనట్టే అక్కడ బట్ట బాదుడుకు పాట తోడు. రాత్రిళ్ళు ఇరుగుపొరుగు ఒకరి ఇంట్లో చేరి, పొయ్యి చుట్టూ కూర్చుని కథలు, పాటలు చెప్పుకునే అలవాటు కూడా ఉండేది. దానిని వాళ్ళు 'కేలీ' అంటారు. పుస్తకాల్లోకి ఎక్కని సాహిత్యమంతా ఇలా నోటినుంచి నోటికి నడిచింది.

రోరీ మక్‌డోనల్డ్, కాలమ్ మక్‌డోనల్డ్ అనే అన్నదమ్ములు ఇటువంటి పాటలు చెవిన పడుతుండగా ఆ దీవుల్లో పెరిగారు. అయితే వాళ్ళది 1960 దశకపు బాల్యం కూడాను. ఒక చెవిలో పెద్దల గేలిక్ పాట, రెండో చెవిలో రేడియోలో వచ్చే బీటిల్స్ పాట. ఈ రెండూ ఒకదానికొకటి గిట్టనివని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు కాబోలు!

1973లో ఈ అన్నదమ్ములిద్దరూ, అకార్డియన్ వాయించే బ్లేర్ డగ్లస్ అనే స్నేహితుడూ కలిసి ఒక డాన్సు బృందం పెట్టారు. రోరీ బేస్ గిటారు, కాలమ్ డ్రమ్ములు. మొదటిసారి వాళ్ళు వాయించింది గ్లాస్గోలోని కెల్విన్ హాలులో. ఆ రోజుల్లో వాళ్ళు పెద్ద ఆశయాలేమీ పెట్టుకున్నవారు కారు. పెళ్ళిళ్ళకు, ఊరి హాళ్ళలో నృత్యాలకు వాయించే కుర్రాళ్ళు, అంతే. మరుసటి ఏడు డానీ మన్రో అనే యువకుడు గాయకుడుగా చేరాడు. అతనూ స్కై దీవివాడే. చిత్రలేఖనం ఉపాధ్యాయుడు. 1978లో వచ్చిన మాల్కం జోన్స్‌కు గిటారుతో పాటు బ్యాగ్‌పైప్ కూడా వచ్చు. అంటే తిత్తిలో గాలి నింపి ఊదే స్కాట్లండు సన్నాయి అన్నమాట. ఆ సన్నాయి గమకాలను అతను కరెంటు గిటారు మీద పలికించాడు. రన్‌రిగ్ పాట వినగానే ఇది ఫలానా దేశపు పాట అని పోల్చుకోవడానికి ఈ గిటారు బాణీయే సగం కారణం.

పేరు సంగతి చెప్పాలి. 'రన్ రిగ్' అనేది పూర్వం అక్కడ ఉన్న ఒక వ్యవసాయ పద్ధతి పేరు. ఊరి పొలాన్ని సన్నని పట్టీలుగా విడదీసి, కొన్నేళ్ళకొకసారి రైతులు మళ్ళీ పంచుకునేవారు. మంచి నేల ఎల్లకాలం ఒకడికే, చౌడు నేల ఎల్లకాలం మరొకడికే కాకుండా అందరికీ రెండూ వంతుకు వచ్చేవి. భూమి పోయిన ప్రజల పిల్లలు, భూమిని కలిసి పంచుకున్న నాటి మాటను తమ బృందానికి పేరుగా పెట్టుకోవడంలో ఎంత అర్థం ఉందో చూడండి.

1978లో వాళ్ళ మొదటి పెద్ద రికార్డు వచ్చింది. పేరు 'ప్లే గేలిక్'. అందులో పాటలన్నీ గేలిక్‌లోనే. అందులోనూ ఒక విశేషం ఉంది. అప్పటిదాకా గేలిక్ పాట అంటే పాతపాట. పోయినవారిని తలుచుకునే పాట, వదిలి వచ్చిన ఊరిని తలుచుకునే పాట. వీళ్ళు అప్పటి కుర్రాళ్ళ మనసులోని మాటను అప్పటి గేలిక్‌లో కొత్తగా రాశారు. బామ్మగారి నగను బీరువాలో దాచి ఏటా ఒకసారి తీసి తుడుచుకోవడం ఒక పద్ధతి. దానిని మెడలో వేసుకుని బజారుకు వెళ్ళడం మరొక పద్ధతి. వీళ్ళు రెండోది ఎంచుకున్నారు. గేలిక్ పాటకు డ్రమ్ములేమిటి అని ముక్కున వేలేసుకున్న పెద్దలు ఉంటే ఉండవచ్చు. కాని ఊరి హాలులో కుర్రాళ్ళు, వాళ్ళ వెనుక వాళ్ళ అమ్మలు, నాన్నలు కూడా చేరడం మొదలైంది.

మరుసటి ఏడు, 1979లో, వాళ్ళు మరో తెలివైన పని చేశారు. తమ రికార్డులు తామే వేసుకోవడానికి 'రిడ్జ్ రికార్డ్స్' అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. చేతిలో డబ్బు తక్కువ, పని ఎక్కువ. అయినా ఏ భాషలో పాడాలో చెప్పే యజమాని నెత్తిమీద లేడు. లండను కంపెనీవాడెవడైనా ఆ రోజుల్లో ఈ పాటలు వింటే మొదట అనే మాట 'ఇంగ్లీషులో పాడండి' అనేదే అయి ఉండేది. మనలో ఇంటి దగ్గర పచ్చళ్ళు పెట్టి, కుట్టుమిషను పెట్టి నాలుగు రూపాయలు సంపాదించుకునేవారికి ఈ సంగతి నేను వివరించనక్కరలేదు. సొంత పెట్టుబడి చిన్నదైనా, సొంత మాట నిలుస్తుంది.

ఆ సంస్థ పేరు మీద 1981లో వచ్చిన 'రికవరీ' అనే రికార్డులో తమ జాతి చరిత్రనే పాటలుగా కట్టారు. చరిత్ర పుస్తకంలో నాలుగు పంక్తులైన పూర్వుల గోడు, శనివారం రాత్రి నృత్యానికి వచ్చిన కుర్రాళ్ళ చెవిన పడింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. వీళ్ళు గేలిక్ ఒక్కదానిలోనే పాడుతూ కూర్చోలేదు. 1979 నుంచే ఇంగ్లీషు పాటలు చేరాయి. పోనుపోను ఇంగ్లీషువే ఎక్కువయ్యాయి. పాటల్లో మాట చాలావరకు కాలమ్‌ది, వరుస రోరీది. ఇద్దరికీ రెండు భాషలూ ఇంటి భాషలే. అయితే ప్రతి రికార్డులో కొన్ని గేలిక్ పాటలు తప్పక ఉండేవి. ఇంగ్లీషు పాట కోసం వచ్చినవాడు గేలిక్ పాట కూడా విని వెళ్ళేవాడు. భోజనానికి పిలిచి, విస్తట్లో ఒక పక్కన మనూరి వంటకం కూడా వడ్డించినట్టు అన్నమాట. బలవంతం లేదు. రుచి చూసినవాడు మళ్ళీ అడిగాడు.

పది పన్నెండేళ్ళు ఇలా వానలో, చలిలో, వ్యానుల్లో తిరిగి ఊరూరా పాడాక అసలు పెరుగుదల మొదలైంది. 1987లో 'ద కట్టర్ అండ్ ద క్లాన్' అనే రికార్డుతో వాళ్ళ పేరు స్కాట్లండు దాటింది. క్రిసాలిస్ అనే పెద్ద కంపెనీ వాళ్ళను తీసుకుంది. 1991లో 'ద బిగ్ వీల్' బ్రిటన్ మొత్తం మీద అమ్మకాలలో నాలుగో స్థానానికి వచ్చింది. ఆ వేసవిలోనే లోమండ్ సరస్సు ఒడ్డున కచేరీ పెడితే దాదాపు యాభైవేల మంది వచ్చారు. స్కై దీవి జనాభాకు అది నాలుగైదు రెట్లు! 1993లో 'అమేజింగ్ థింగ్స్' రెండో స్థానం దాకా వెళ్ళింది. డెన్మార్కు, జర్మనీ దేశాల్లో కూడా వాళ్ళకు విడవకుండా వచ్చే శ్రోతలు ఏర్పడ్డారు. గేలిక్ అంటే ఏమిటో తెలియని డేనిష్ పిల్లలు గేలిక్ పల్లవులు అందుకుని పాడారు.

1995లో జరిగిన విచిత్రం మరొకటి ఉంది. 1987 నాటి రికార్డులో చివరన ఒక గేలిక్ పాట ఉంది. దాని పేరుకు 'అత్యున్నతమైన ఆపిల్ పండు' అని అర్థం. ఒక బీరు కంపెనీ తన టెలివిజన్ ప్రకటనకు ఆ పాటను వాడుకుంది. పాట బాగుందే, ఏ భాషో అని జనం ఆరా తీశారు. విడిగా రికార్డు వేస్తే బ్రిటన్ పట్టికలో 18వ స్థానానికి చేరింది. మొదటి ఇరవైలోకి ఒక గేలిక్ పాట రావడం అదే మొదటిసారి. గేలిక్ పలుకును బడిలో శిక్షించిన ఆ దేశంలోనే, దుకాణాలలో గేలిక్ రికార్డు ఇమ్మని అడిగి కొనుక్కున్నారు. బీరు సంగతి మనకెందుకు గాని, నామోషీ అనుకున్న భాషకు ఒక్కసారిగా సంతలో విలువ వస్తే ఇంట్లో కూడా దాని వంక చూసే చూపు మారుతుందన్నది మాత్రం నిజం.

ఇంత దూరం వచ్చాక పెద్ద దెబ్బ తగిలింది. ఇరవైమూడేళ్ళు ముందు నిలబడి పాడిన డానీ మన్రో 1997లో రాజకీయాల్లోకి వెళ్ళాడు. ఆ ఏడు పార్లమెంటు ఎన్నికలో తన ప్రాంతం నుంచి లేబర్ పార్టీ తరఫున నిలబడి ఓడిపోయాడు. తరువాత స్కై దీవిలోని గేలిక్ కళాశాలలో పనిచేశాడు. ఆ కళాశాల కూడా 1973లోనే, ఒక పాత కొట్టంలో మొదలైంది. దాని పేరుకే 'ఓస్తేగ్‌లోని పెద్ద కొట్టం' అని అర్థం. అదే ఏడాది పుట్టిన బృందమూ, కళాశాలా రెండూ ఆ చిన్న దీవిలో పెరిగి పెద్దవి కావడం చూస్తే ముచ్చటేస్తుంది.

గాయకుడు పోతే బృందం పోయినట్టే అనుకుంటాం. రన్‌రిగ్ మాత్రం ఆగలేదు. వెతికి వెతికి 1998లో బ్రూస్ గత్రో అనే గాయకుణ్ణి తెచ్చుకున్నారు. అతను కెనడాలోని కేప్ బ్రెటన్ దీవివాడు. నూటయాభై, రెండువందల ఏళ్ళ కిందట భూములు పోయిన గేలిక్ కుటుంబాలు ఓడలెక్కి వెళ్ళి దిగిన చోట్లలో అదొకటి. గత్రోకు గేలిక్ రాదు. పాటకు కావలసిన ఉచ్చారణ నేర్చుకుని పాడాడు. సముద్రం అవతల కాపురం, ఇవతల కచేరీలు. ఇరవై ఏళ్ళు అలా విమానాలెక్కి వచ్చి పాడాడంటే ఆ పట్టుదలకు నమస్కారం పెట్టవలసిందే. కీబోర్డు వాయించే పీట్ విషర్ట్ 2001లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఇంతమంది వచ్చినా పోయినా ఇల్లు నిలిచిందంటే నడివాసంలా అన్నదమ్ములిద్దరూ ఉండటమే కారణం. ముందు నిలబడిన ముఖం మారింది గాని పాట రాసే చెయ్యి మారలేదు.

మన గుండెకు దగ్గరగా వచ్చే సంగతి ఒకటి ఉంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగివస్తూ ఆకాశంలో ముక్కలైపోయింది. మన కల్పనా చావ్లా ఉన్నది ఆ నౌకలోనే. ఆమెతో పాటు ప్రాణాలు పోగొట్టుకున్న మరొక మహిళ లారెల్ క్లార్క్. ఆమె అమెరికా నౌకాదళంలో డాక్టరు. ఒకప్పుడు స్కాట్లండులో పనిచేసినప్పుడు రన్‌రిగ్ పాటల మీద మక్కువ పెంచుకుంది. వ్యోమగాములను ఉదయం పాటతో మేలుకొలపడం అక్కడి ఆచారం. ఆమె కోసం ఆ యాత్రలో రన్‌రిగ్ పాట ఒకటి వేశారు. ఆమె వెంట తీసుకువెళ్ళిన రన్‌రిగ్ సీడీ తరువాత శకలాల మధ్య దొరికింది. ఆమె కుటుంబం దానిని బృందానికి అందజేసింది. ఊరి హాలులో పుట్టిన పాట ఎంత దూరం వెళ్ళి వచ్చిందో!

2018 ఆగస్టులో, స్టర్లింగ్ కోట కింది మైదానంలో, రెండు రాత్రులు పాడి సెలవు తీసుకున్నారు. మొదట ఒక్కరోజే అనుకున్నారు. టిక్కెట్లు అయిపోవడంతో రెండో రోజు కూడా చేర్చవలసి వచ్చింది. తాతలు, కొడుకులు, మనవలు పక్కపక్కన నిలబడి పాడారు. ఓపిక ఉండగానే, గౌరవంగా, అందరికీ చెప్పి కచేరీ ముగించడం కూడా ఒక సంస్కారమే. బ్రూస్ గత్రో 2023లో కన్నుమూశాడు.

మరి, ఇంత చేసిన రన్‌రిగ్ గేలిక్‌ను బతికించిందా?

సమాధానం అంత తేలిక కాదు. ఒక పక్క చూస్తే చాలా మార్పు వచ్చింది. 1985లో గ్లాస్గో, ఇన్వర్నెస్ నగరాల్లో గేలిక్ మాధ్యమంలో చదువు మొదలైంది. 2005లో గేలిక్ కోసం చట్టం వచ్చింది. 2006లో గ్లాస్గోలో పూర్తి గేలిక్ బడి తెరిచారు. 2008లో గేలిక్ టెలివిజన్ ఛానలు వచ్చింది. 2025లో స్కాట్లండు పార్లమెంటు గేలిక్‌కు అధికార భాష హోదా ఇచ్చింది. గేలిక్ ఎంతో కొంత వచ్చినవారు 2011లో 87,000 ఉంటే 2022 నాటికి 1,30,000 అయ్యారు. ఇదంతా ఒక్క పాటల బృందం చేసిన పని అనలేము. ఎందరో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, ఉద్యమకారులు కష్టపడ్డారు. కాని గేలిక్ అంటే పాతచింతకాయ పచ్చడి అన్న భావం పోగొట్టడంలో రన్‌రిగ్ పాత్ర తక్కువది కాదు.

రెండో పక్క చూడండి. గేలిక్‌కు పుట్టిల్లనదగిన పడమటి దీవుల్లో ఆ భాష వచ్చినవారి వంతు అదే పదకొండేళ్ళలో నూటికి 61 నుంచి 57కు పడిపోయింది. 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఆ దీవుల్లోను, తీరంలోను గేలిక్‌ను రోజువారీగా వాడేవారు దాదాపు 11,000 మంది. వాళ్ళలో ఎక్కువమంది యాభై దాటినవారు. అంటే నగరంలో బడికి వెళ్ళి నేర్చుకునేవారు పెరుగుతున్నారు, ఊళ్ళో ఇంట్లో మాట్లాడుకునేవారు తగ్గుతున్నారు. వేదిక మీద చప్పట్లు ఉన్నాయి, వంటింట్లో మాట లేదు.

పాట ఎంతవరకు చేయగలదో ఇక్కడే తెలుస్తుంది. పాట సిగ్గు పోగొడుతుంది. ఈ భాషతో కొత్త పనులు కూడా చేయవచ్చునని కుర్రాళ్ళకు ధైర్యం ఇస్తుంది. అది చిన్న సహాయం కాదు. సిగ్గుపడే భాషను ఏ బిడ్డా నోట పట్టడు. కాని పిల్లవాడికి అన్నం కలిపి పెడుతూ, జడవేస్తూ, జ్వరం వస్తే నుదుటిమీద చెయ్యి వేసి చూస్తూ మాట్లాడే మాటను ఏ గిటారూ అందించలేదు. అది ఇంట్లోవాళ్ళే చేయవలసిన పని. గేలిక్ తల్లులు ప్రేమతోనే ఆ మాట మానేశారు. తరువాత వచ్చినవాళ్ళు ఎంత శ్రమపడినా, ఎంత డబ్బు పోసినా దానిని తిరిగి అంత సహజంగా తేవడం కష్టమవుతోంది.

మన సంగతి వేరు. 2011 లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా కలవారు ఎనిమిది కోట్ల పైమాటే. గేలిక్‌కు వచ్చిన గతి మనకు రేపే వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పిల్లలకు ఇంగ్లీషు వద్దనీ అనను. రన్‌రిగ్ అన్నదమ్ములకూ రెండూ కావలసి వచ్చాయి. రెండింటితోనూ బతికారు. కాని కోట్లమంది ఉన్న భాష కూడా ఏ ఇంట్లోనైనా ఒక తరంలో మాయం కాగలదు. అందుకు యుద్ధం అక్కరలేదు, చట్టం అక్కరలేదు. తల్లి బిడ్డవైపు తిరిగి వేరే భాషలో మాట్లాడటం మొదలుపెడితే చాలు.

కాబట్టి మీ అబ్బాయో అమ్మాయో గిటారు కొనిపెట్టమని అడిగితే వెంటనే కాదనకండి. తలుపు వేసుకుని వాయించుకుంటుంటే ఒక్కసారి లోపలికి వెళ్ళి కూర్చోండి. మీకు మీ అమ్మగారు పాడిన పాట ఏదైనా గుర్తుంటే, నలుగు పాటో, జోలపాటో, రోకటి పాటో, ఒక్కసారి వినిపించి, దీనికి నీ గిటారు మీద వరుస కట్టగలవా అని అడిగి చూడండి. కట్టినా కట్టకపోయినా ఆ పాట పిల్లవాడి చెవిన పడుతుంది. ఆ తరువాత భోజనానికి పిలిచేటప్పుడు తెలుగులోనే పిలవండి.